పద్నాలుగో పేరా

బుడాన్ పోయిన మూడో ఏడు, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో నజీరాకి ఒక సంగతి తెలిసింది. కోర్టులో తన గురించి రాసిన కాగితం ఒకటి ఉందట. తనొక్కదాని గురించే కాదు, తన ముఠాలోని ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళ గురించీ అందులో రాశారట.

చెప్పింది బుడాన్ భార్య షహనాజ్. భర్త పోయాక ఆమె పెదకాకానిలో తమ్ముడి ఇంటికి చేరింది. జ్వరంతో మంచం పట్టిందని తెలిసి నజీరా చూడబోయింది. మాటల మధ్యలో షహనాజ్ ఉన్నట్టుండి అడిగింది.

"మీరందరూ ఇంకా ఆ షెడ్డుకే పోతున్నారా అక్కా?"

"పోక ఏం చేస్తాం? పైపు మార్చారు కదా."

షహనాజ్ మంచం మీద లేచి కూర్చుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "కేసు గురించి ఎవరితోనూ మాట్లాడనని రాజీ కాగితంలో సంతకం పెట్టానక్కా. కానీ ఒక్క ముక్క నీకు చెప్పకపోతే నాకు పాపం. ఆఖరి వాయిదాకి కోల్డ్ స్టోరేజీ వాళ్ళ లాయరు నోరు విప్పి వాదించలా. 'మా వాదన రాసి ఇస్తున్నామండీ' అని ఒక కట్ట ఇచ్చాడు. జడ్జిగారు తిరగేస్తా తిరగేస్తా ఒకచోట ఆగారు. 'షెడ్డులో ఆడవాళ్ళందరికీ కూడా తెలుసా ఇది?' అన్నారు. 'తెలుసండీ, పద్నాలుగో పేరాలో రాశాం' అన్నాడు ఆయన."

"ఏం తెలుసంట మాకు?"

"ఏమో అక్కా. అంతా ఇంగ్లీషు. తర్వాత వారానికే రాజీ అయింది. నా దగ్గరున్న కాగితాలన్నీ మా లాయరే వెనక్కి తీసుకున్నాడు."

తిరుగు బస్సులో నజీరాకి కిటికీ పక్కన చోటు దొరికింది కానీ బయటికి చూడబుద్ధి కాలేదు. తనకేదో తెలుసని ఎవరో రాసిపెట్టారు. అదేమిటో మాత్రం తనకి తెలియదు.

నజీరా తొడిమల ముఠాకి మేస్త్రి. కొండ్రువారిపాలెం నుంచి రోజూ పొద్దున్నే ఆటోల్లో ఆడవాళ్ళని బైపాస్ పక్కనున్న కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్తుంది. దాని వెనక గోడని ఆనుకుని పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. ఆ నేల మీద వరసలుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరడం వాళ్ళ పని. గోడకి అవతల చలిగదుల్లో మిరప కుక్కిన గోనె టిక్కీలు వేలల్లో పేర్చి ఉంటాయి. ఆ గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు పైపులు కొన్ని షెడ్డు మీదుగా, సరిగ్గా వాళ్ళ నెత్తి మీదుగా పోతాయి.

బుడాన్ అక్కడ మెషిన్ రూమ్‌లో ఆపరేటర్‌గా చేసేవాడు. ఒక ఆదివారం పొద్దున పైపు అతుకు ఊడి గ్యాసు మొహం మీద కొట్టింది. గుంటూరు చేరేలోపే ప్రాణం పోయింది. ఆదివారం కాబట్టి షెడ్డులో ఎవరూ లేరు. చూసుకోకుండా వాల్వు తిప్పాడని యాజమాన్యం అంది. నష్టపరిహారం కోసం షహనాజ్ కేసు వేసింది. పైపు మార్చేశామన్నారు, పదిరోజులకి పైపులన్నీ వెండి రంగుతో మెరిసిపోయాయి. ఆ రంగు చుక్కలు కాయల మీద పడితే ఆడవాళ్ళే ఏరి పారేశారు.

పెదకాకాని నుంచి వచ్చిన మర్నాడు నజీరా పనిలో కూర్చుని తల పైకెత్తి ఆ పైపుని చూసింది. వెండి రంగు అక్కడక్కడా పొక్కులు లేచి, కింద నల్లటి గోధుమరంగు పొర కనిపిస్తోంది. నీళ్ళ డ్రమ్ముకున్న ఇత్తడి కుళాయి ఎప్పటినుంచో గానీ నీలంగా మారిపోయి ఉంది. ముఠాలో పెద్దది హనుమాయమ్మ. ఆమె చేతి రాగి కడియం కింద చర్మం ఆకుపచ్చగా ఉంది.

"ఇదేంటి పిన్నీ?"

"ఈ షెడ్డులో అంతేనే. ఎంత తోమినా పోదు."

గ్యాసు వాసన తగులుతుందేమోనని నజీరా ముక్కు ఎగబీల్చి చూసింది. మిరప ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. పదేళ్ళుగా ఆ ఘాటు తప్ప ఇంకేమీ తెలియని ముక్కులు అక్కడ అందరివీ.

ఆ వారంలోనే ఒకరోజు పని మానుకుని కోర్టుకి వెళ్ళింది. నకళ్ళు ఇచ్చే గదిలో పేరయ్య అనే పెద్దాయన ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి ఆమె చెప్పిందంతా విన్నాడు.

"కేసులో నువ్వు వాదివా, ప్రతివాదివా?"

"రెండూ కాదండి."

"మరి ఆ వాదనల కాగితం నీకెందుకమ్మా?"

"మా గురించి రాశారంటండి అందులో."

పేరయ్య పెదవి విరిచాడు. కేసుతో సంబంధం లేనివాళ్ళు నకలు కావాలంటే కారణం చెప్పి అఫిడవిట్ వేయాలని, ఇరుపక్షాలకీ నోటీసులు వెళ్తాయని, జడ్జిగారు సరేనంటేనే కట్ట విప్పుతారని వివరించాడు.

"కోర్టు అందరిదీ అంటారు కదండీ. తలుపులు తీసే ఉంటాయిగా" అంది నజీరా.

"తలుపులు తీసే ఉంటాయమ్మా. నోటితో వాదించింది దారినపోయేవాడు కూడా నిలబడి వినచ్చు. రాసి ఇచ్చింది మాత్రం బీరువాలోకి పోద్ది." ఆయన రిజిస్టరు తిరగేసి ఒక వరస మీద వేలు ఆనించాడు. వేలు అక్కడే ఆగిపోయింది. "ఒక మాట చెప్తా, నేను చెప్పానని అనబాక. రాజీ అయిన కేసుల్లో తీర్పు, రాజీ పత్రం ఉంచుతారు. మిగతా కాగితాలు గడువు తీరాక చించేస్తారు. నువ్వడిగే కట్ట ఆ జాబితాకెక్కింది. వచ్చే నెల ఇరవైలోపు చించేస్తారు."

కోర్టు ఎదురుగా ఎరువుల కొట్టు మేడ మీద మహిమ అనే లాయరమ్మ ఉంటుంది. ప్రాక్టీసు పెట్టి నాలుగేళ్ళయింది. నజీరా చెప్పింది విని అఫిడవిట్ రాయడం మొదలుపెట్టింది. ప్రజాప్రయోజనం, కార్మికుల భద్రత, సమాచారం పొందే హక్కు అంటూ ఒక పేజీ నిండాక చదివి వినిపించింది.

"ఇంత ఎందుకమ్మా?" అంది నజీరా. "నాకు తెలుసని రాశారు. ఏం తెలుసో నేను చదవాలి. అంతే రాయండి."

మహిమ రాసిందంతా కొట్టేసి, ఆమె అన్నదే రాసింది.

నోటీసులు వెళ్ళిన రెండో రోజే మేనేజర్ కోటేష్ షెడ్డులోకి వచ్చాడు. అతను పక్క ఊరి రైతుబిడ్డే. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. ఆడవాళ్ళు అన్నాలు తింటుంటే నజీరా పక్కనే గోనెపట్టా మీద కూర్చున్నాడు.

"నజీరక్కా, కోర్టులో ఏదో కాగితం అడిగావంట. ఆ పాటి దానికి కోర్టు దాకా ఎందుకు? నన్నడిగితే నేను చెప్పనా?"

"అయితే చెప్పు. పద్నాలుగో పేరాలో ఏముంది?"

కోటేష్ నవ్వాడు. "లాయర్ల రాతలక్కా అవి. గెలవడానికి వంద రాస్తారు. చదివితే నీకు నిద్ర పట్టదు, అంతే. వదిలెయ్." లేస్తూ, ఇప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "రేపటి నించి మీ ముఠా ఉత్తరం మూల కూర్చోండి. ఈ పక్క లోడింగ్ ఉంది."

ఉత్తరం మూలలో పైపు రెండుగా చీలే చోట లావుపాటి అతుకు ఉంది. దాని కింద నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. మర్నాడు వాళ్ళని సరిగ్గా దాని కిందే కూర్చోబెట్టారు. లోడింగ్ మాత్రం ఏ పక్కనా జరగలేదు. మధ్యాహ్నానికి ఇద్దరికి కళ్ళు మండి నీళ్ళు కారాయి. కాయల ఘాటేలే అనుకున్నారు. నజీరా అనుకోలేదు.

ఆమె భర్త సలీం ట్రాలీ ఆటో నడుపుతాడు. రోజూ కోల్డ్ స్టోరేజీ దగ్గర మూడు నాలుగు కిరాయిలు దొరికేవి. ఆ వారమంతా పొద్దున్నించి సాయంత్రం దాకా వరసలో నిలబడ్డా ఎవరూ పిలవలేదు. వెనకొచ్చిన బళ్ళు ముందే వెళ్ళిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. అతన్ని చూడనట్టే చూశారు.

"నువ్వా కాగితం చదివితే పైపు బాగవుద్దా?" అని అడిగాడు సలీం.

"బాగవదు."

"మరెందుకే?"

"దాని కింద కూర్చునేది నేను. ముప్ఫై మందిని తీసుకెళ్ళి కూర్చోబెట్టేది నేను. ఆ కాగితంలో ఏముందో తెలియకుండా రేపు ఎట్లా తీసుకెళ్ళను, చెప్పు."

మర్నాటి నుంచి సలీం పర్చూరు వైపు కిరాయిలు చూసుకున్నాడు.

వాయిదా రోజున కోల్డ్ స్టోరేజీ లాయరు గట్టిగానే అడ్డం పడ్డాడు. రాతపూర్వక వాదన సాక్ష్యం కాదు, తీర్పూ కాదు, జడ్జిగారి సౌకర్యం కోసం ఒక పార్టీ ఇచ్చుకున్న కాగితం మాత్రమే అన్నాడు. కేసు రాజీ అయింది కాబట్టి దానిమీద ఒక్క ముక్క కూడా తీర్పు రాలేదు, ఎవరో పరాయి మనిషి వచ్చి అడిగితే ఇవ్వడానికి అది గోడమీది ప్రకటన కాదు అన్నాడు. ఆయన ఇంగ్లీషులో అంటున్నదాన్ని మహిమ పక్కనుంచి నజీరా చెవిలో చెబుతోంది.

జడ్జిగారు నడివయసు ఆవిడ. అఫిడవిట్ చూసి, "నజీరా ఎవరు?" అన్నారు.

నజీరా లేచి నిలబడింది. ఎర్రగా మండిన వేళ్ళని కొంగులో దాచుకుంది. "నేనేనండి. మాకు తెలుసని రాశారంటండి. నాకేం తెలుసో నేను చదవాలండి."

జడ్జిగారు కట్ట తెప్పించమన్నారు. గుమస్తా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఉండాల్సిన చోట లేదట. కేసు గురువారానికి వాయిదా పడింది.

ఆ మూడు రోజులూ నజీరా అన్నం సరిగ్గా తినలేదు. బుధవారం సాయంత్రం పేరయ్య తనే మహిమ గది మెట్లెక్కి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. చించేయడానికి వేరే గదిలో పోసిన గుట్టలో ఆ కట్ట దొరికిందని చెప్పాడు. "గడువు ఇంకా పదహారు రోజులుంది. అప్పుడే అక్కడికెట్లా పోయిందో నన్నడగొద్దు" అని, కుర్చీ చూపించినా కూర్చోకుండా దిగిపోయాడు.

గురువారం జడ్జిగారు ఆ కాగితాన్ని అక్కడే చదివారు. ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత కోల్డ్ స్టోరేజీ లాయరు వైపు తలెత్తారు.

"ఈమె పరాయి మనిషని ఎలా అంటారు? ఈమెని ఈ కాగితంలోకి తెచ్చింది మీరే కదా. నకలు ఇవ్వండి."

మహిమ గదిలో ఫ్యాను కింద ఆ నకలు రెపరెపలాడింది. పద్నాలుగో పేరాని మహిమ వాక్యం వాక్యం తెలుగు చేసి చదివింది. ఉత్తరం వైపు లైను, షెడ్డు మీదుగా పోయే లైను తుప్పు పట్టాయని, వెంటనే మార్చాలని టెక్నీషియన్ ప్రమాదానికి పదకొండు నెలల ముందే రాసి ఇచ్చాడు. ఆ సంగతి బుడాన్‌కి తెలుసు. తెలిసీ పనిలో ఉన్నాడు కనుక ప్రమాదాన్ని తనే ఒప్పుకున్నట్టు. ఆమాటకొస్తే షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళందరికీ, వాళ్ళ మేస్త్రికీ కూడా ఇది తెలుసు. తెలిసే, తమ ఇష్టం మీదే రోజూ వస్తున్నారు.

మహిమ చదవడం ఆపింది. "షెడ్డు మీది లైను మార్చారా?"

"రంగు వేశారు" అంది నజీరా.

మహిమ ఆ సాయంత్రమే నకలు జతచేసి ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి ఫిర్యాదు పంపింది. తనిఖీకి తేదీ తెలియజేస్తామని జవాబు వచ్చింది.

నకలు చేతికొచ్చిన మర్నాడు పొద్దున షెడ్డు గుమ్మం బయటే ఆడవాళ్ళని నిలబెట్టి, తెలుగులో చీటీ మీద రాసుకొచ్చిన ఆ పేరాని నజీరా చదివి వినిపించింది. అందరికంటే ముందు హనుమాయమ్మ అరిచింది.

"నాకు తెలుసా? ఎవడు చెప్పాడే నాకు? బుడాన్ శవాన్ని కడిగిన నీళ్ళు ఆరకముందే ఇట్లా రాశారా!"

ఎవరూ లోపలికి వెళ్ళలేదు. కోటేష్ గేటు దాకా వచ్చి, గొడవ పడకుండా, నజీరాని కాస్త పక్కకి పిలిచాడు.

"నిన్నటి దాకా మీకు తెలియదక్కా, నిజమే. ఇప్పుడు తెలిసింది. నువ్వే చదివి వినిపించావు. ఇహ మీదట వీళ్ళలో ఎవరిని తీసుకొచ్చి ఆ షెడ్డులో కూర్చోబెట్టినా, ఏదన్నా అయితే తెలిసి తెచ్చింది మేస్త్రే అవుద్ది. ఆలోచించుకో." కసిరినట్టు కాకుండా, మేలు చెప్పినట్టే చెప్పాడు.

రెండు రోజులకి దర్శి వైపు నుంచి రెండు వ్యాన్లలో కొత్త ముఠా దిగింది. వాళ్ళని గోడౌన్ పక్కన పాత గదుల్లోనే ఉంచారు. నజీరా బైపాస్ పక్కన నిలబడి, టీ కోసం బయటికొచ్చిన వాళ్ళ మేస్త్రిని ఆపింది. పాతికేళ్ళ పిల్ల, పేరు అర్ఫా. నజీరా ఇచ్చిన చీటీని అక్కడే నిలబడి రెండుసార్లు చదివింది.

"ఇది నాకివ్వకుండా ఉంటే బాగుండేదక్కా" అంది చివరికి. "మా ఊళ్ళో ఈ ఏడు బోర్లెండిపోయి పనే లేదు. ఇప్పుడు వెనక్కెట్లా తీసుకెళ్ళను వీళ్ళని?"

"వెళ్ళకపోయినా ఉత్తరం మూల మాత్రం కూర్చోవద్దు. దక్షిణం తలుపు మూయనివ్వకండి. బకెట్లో నీళ్ళు, తడిగుడ్డలు దగ్గర పెట్టుకోండి."

అర్ఫా చీటీ మడిచి జాకెట్లో దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది. కానీ చెప్పినట్టే చేసింది. తలుపు దగ్గర బకెట్లు పెట్టించింది. కూర్చునే చోటు గురించి కోటేష్ మనిషితో గొడవపడింది.

వాళ్ళు దిగిన పదకొండో రోజు పొద్దున పదిన్నరకి ఉత్తరం మూల అతుకు పగిలింది. నజీరా అప్పుడు తన ముఠాలో కొందరితో కలిసి బైపాస్ అవతల ఎవరిదో కళ్ళంలో పనికి కూర్చుని ఉంది. టైరు పేలినట్టు చప్పుడైంది. తలెత్తి చూస్తే షెడ్డు రేకుల సందుల్లోంచి తెల్లటి పొగలాంటిది కిందికి జారుతోంది. దాని వెనకే అరుపులు. నజీరా, హనుమాయమ్మ, ఇంకో పదిమంది కళ్ళంలో ఉన్న డ్రమ్ము నీళ్ళలో పైటలు ముంచుకుని పరిగెత్తారు.

దక్షిణం తలుపు తీసే ఉంది. అందులోంచి ఆడవాళ్ళు మొహాలకి తడిగుడ్డలు అదుముకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వస్తున్నారు. గాలికి ఎదురు పరిగెత్తండని నజీరా గొంతు చించుకుని అరిచింది. నలభై మంది దాకా వచ్చారు. లోపల ఇంకా ఇద్దరున్నారని ఎవరో ఏడ్చారు. అర్ఫా ఒక్కసారి లెక్క చూసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఒకామెని జబ్బ పట్టి ఈడ్చుకొచ్చింది. తన మొహం మీది గుడ్డ ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదు. రెండో ఆమెని అగ్నిమాపక సిబ్బంది మధ్యాహ్నం బయటికి తెచ్చారు. ఆమె పేరు గుల్షన్ అని నజీరాకి ఆస్పత్రిలో తెలిసింది. అప్పటికి దుప్పటి కప్పేశారు.

అధికారులు మర్నాడే వచ్చారు. ఉత్తరం లైనుకి సీలు వేసి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. లోపలున్న సరుకు చెడిపోతుందని రైతులు గోల పెట్టడంతో దక్షిణం లైను నడుపుకోవచ్చని అనుమతి వచ్చింది. రెండో వారానికి గేటు దగ్గర మళ్ళీ లారీలు నిలబడ్డాయి. షెడ్డు రేకులకి కొత్త రంగు వేస్తున్నారు.

కొండ్రువారిపాలెం ఆడవాళ్ళు, దర్శి వైపు ఆడవాళ్ళు, గుల్షన్ తల్లి కలిసి కేసు వేయడానికి మహిమ దగ్గరికి వచ్చారు. ఆ కబురు తెలిసిన మూడో రోజుకే యాజమాన్యం కోర్టులో ఒక పిటిషన్ పెట్టింది. పాత కేసులోని తమ వాదనలు వ్యాపార రహస్యాలని, ఇచ్చిన నకలు వెనక్కి తీసుకోవాలని, ఇక మీదట ఈ విషయంలో దాఖలయ్యే ఏ కాగితమూ బయటివాళ్ళకి ఇవ్వకూడదని అందులో అడిగింది. దాని మీద ఉత్తర్వు ఇంకా రాలేదు. వేసవి సెలవుల తర్వాత చూస్తామన్నారు.

సంతకాల రోజున అర్ఫాని హనుమాయమ్మ చెయ్యి పట్టుకుని మేడ మెట్లెక్కించింది. కుడికంటికి చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు. ఎడమకంటికి ఇంకా కట్టు ఉంది. బల్ల చుట్టూ ఆడవాళ్ళు నిలబడ్డారు. మహిమ ఈసారి తెలుగులోనే రాసిన కాగితాల కట్ట ముందుకి జరిపింది. నజీరా పెన్ను అర్ఫా వేళ్ళ మధ్య పెట్టి, సంతకం చేయాల్సిన చోటుకి ఆమె చెయ్యి జరపబోయింది.

అర్ఫా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముందు చదువక్కా. అంతా చదువు."

నజీరా కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. మొదటి పేజీ మొదటి వరస నుంచి, పెద్ద గొంతుతో చదవడం మొదలుపెట్టింది.